వియ్యంకుల మధ్య ఆలస్యం

నలభై రెండు, నలభై, నలభై ఒకటి, తెర మీద అంకెలు ఒకదాని కింద ఒకటి పడుతున్నాయి, ఇలాగే పడండి నా తల్లుల్లారా, ఇంకో గంట ఇలాగే పడితే చాలు, ఈ జన్మకి మిమ్మల్ని మరేమీ అడగను. మా ఫోను కంపెనీ టవరున్న గట్టు మీద ఆపిన కారు వెనక సీట్లో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ముందు అద్దం దగ్గర వరసగా బిగించిన టెస్టు ఫోన్లు వాటి పని అవి చేసుకుంటున్నాయి, ఒకటి పెద్ద పెద్ద ఫైళ్ళు దింపుకుంటోంది, ఇంకొకటి పైకి పంపుతోంది, వేగం బాగుంది, వేగం గురించి నాకు బెంగ లేదు. నా చూపంతా చివరి ఫోను మీద. దాన్ని చూస్తే ఊరికే ఖాళీగా కూర్చున్నట్టుంటుంది కాని అసలు పని దానిదే, రాజధాని బిష్కెక్‌లో ఉన్న సర్వర్‌ని పదే పదే "ఉన్నావా" అని అడుగుతుంది, అది "ఉన్నా" అంటుంది, అడగడానికీ అనడానికీ మధ్య ఎంతసేపు పట్టిందో ఆ అంకె నా తెర మీద పడుతుంది, సెకనులో వెయ్యో వంతుల లెక్కన. నలభై అంటే రెప్ప వేసేలోపే. ఆఫీసులో దీన్ని లేటెన్సీ అంటారు, మా డ్రైవరు కుబాన్ అన్న పింగ్ అంటాడు, మా అత్తయ్య మాత్రం ఊపిరి అంటుంది. పొద్దున పిడకల పొయ్యి మీద బొర్సోక్ పిండి ముక్కలు వేయిస్తూ, "మీ టవరు ఊపిరి ఎలా ఉందే ఇవాళ?" అని అడిగింది, పక్కింటి పిల్ల జ్వరం గురించి అడిగినట్టు. బాగుందత్తయ్యా, ఇప్పటిదాకా బాగుంది.

కిందికి చూస్తే సోన్‌కుల్ సరస్సు, ఇవాళ మరీ నీలంగా, సిగ్గులేకుండా నీలంగా ఉంది. ఒడ్డున మా ఉన్ని గుడారం, దాని వెనక కట్టేసిన ఆడగుర్రాలు, ఆ గుర్రాల చాటున మా మామయ్య, తల మీద తెల్ల టోపీ, ఒళ్ళో కోముజ్. మూడు తీగలున్న ఆ చెక్కని ఆయన పొద్దుటి నుంచి శ్రుతి చేస్తూనే ఉన్నాడు. మూడు తీగలకి అంతసేపు పడుతుందా అని ఎవరైనా అడిగితే, గుర్రాలకి పాట అంటే ఇష్టం, పాలు బాగా ఇస్తాయి అంటాడు. ఆయన పేరు చెబుదామంటే చెప్పడానికి లేదు, కోడలు మామగారి పేరు పలకకూడదు మా వైపు, పెళ్ళయిన నాటి నుంచి నా నోట ఆ పేరు రాలేదు, ఇప్పుడు మనసులో అనుకుంటున్నా నాలుక కాస్త వెనక్కి లాగుతుంది. మా నాన్న పేరు మాత్రం హాయిగా చెప్పొచ్చు, జార్లిక్, తాలాస్‌లో రాజ్మా పండించే జార్లిక్. ఇక్కడి నుంచి అక్కడికి ఒక రోజు ప్రయాణం, మధ్యలో కనుమల మీద కనుమలు. వేసవిలో మామయ్య మంద వదిలి కదలడు, నాన్న పొలానికి నీళ్ళు పెట్టే వంతు వదిలి కదలడు. ఈ గంట సజావుగా గడిస్తే మధ్యాహ్నం ఆ ఇద్దరూ, అక్కడ ఒకరూ ఇక్కడ ఒకరూ, ఫోన్లో ఎదురెదురుగా కూర్చుని పాటకి పాట కడతారు. గడవకపోతే ఇక కట్టరు, ఇదే ఆఖరుసారి అని ఇద్దరూ నాతో విడివిడిగా చెప్పారు. పోయిన వేసవి నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఒకరి కూతుర్నీ, ఇంకొకరి కోడల్నీ అయిన నేను ఏడాదిగా మధ్యలో నలుగుతున్నాను.

అసలు వాళ్ళు వియ్యమందింది పాట వల్లే. నా పెళ్ళి మాటలకని మా ఆయన ఎర్మెక్ తరఫువాళ్ళు తాలాస్ వచ్చిన రోజు, కట్నకానుకల మాట ఎత్తకముందే ఈ పెద్దమనుషులిద్దరూ ఒకరి టోపీ మీద ఒకరు పాట అందుకున్నారు, చీకటి పడ్డా ఆపలేదు, వండిన మాంసం చల్లారిపోయింది, అమ్మ తిట్టింది, పెళ్ళికొడుకు ఎవరో కూడా మా నాన్న సరిగ్గా చూడలేదు. మా వాళ్ళ ఐతిష్ అంటే అదే మరి, ఎదుటివాడు వేసిన చురకని ఎత్తుకుని అక్కడికక్కడే ఆశువుగా తిప్పికొట్టాలి. నియమాలు రెండే. ఎదుటివాడి తీగ మోత చల్లారేలోపు నీ పాట అందుకోవాలి, ఆగావా, ఓడావు. అతను పాడుతుండగా మధ్యలో దూరావా, ఓడిపోవడం కాదు, అంతకన్నా హీనం, మర్యాద తెలియనివాడివి. చిన్నప్పుడు నాన్న నాకు ఇదే నేర్పాడు, పొలంలో నీళ్ళు ఒక కాలవ నుంచి ఇంకో కాలవకి మళ్ళిస్తూ పార భుజాన వేసుకుని ఒక పాదం అనేవాడు, నీళ్ళు మలుపు తిరిగేలోపు నేను రెండో పాదం అనాలి. అనలేకపోతే నెత్తి మీద చల్లటి బురద నీళ్ళు చిలకరించేవాడు. ఎన్నిసార్లు తడిశానో. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఖాళీని కొలిచే ఉద్యోగం నాకు ఆ గట్టు మీదే రాసిపెట్టి ఉంది కాబోలు, అమ్మ చూస్తే పగలబడి నవ్వేది. ముప్ఫై తొమ్మిది. చూశావా నాన్నా, ముప్ఫై తొమ్మిది, ఇప్పుడు నువ్వు పాదం అంటే నీళ్ళు అసలు మలుపు దగ్గరికే రావు.

పోయిన వేసవి తలచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. మా అమ్మాయి మేరిమ్ నడక మొదలుపెట్టింది, కాళ్ళకి నలుపు తెలుపు దారం చుట్టి, పిల్లలకి పరుగు పందెం పెట్టి, గెలిచినవాడి చేత ఆ దారం కోయించే వేడుక. ఇక్కడే చేశాం. నాన్న రాలేకపోయాడు. అప్పుడు ఈ కొండ మీద టవరు కొత్త, దానికి లైను ఉపగ్రహం నుంచి వచ్చేది, మాట ఆకాశంలోకి ఎగిరి అక్కడి నుంచి కిందికి దిగి రావాలి, ఒక మాట వెళ్ళి జవాబు వచ్చేసరికి సెకను దాటిపోయేది. మామూలు మాటలకి పరవాలేదు, తిన్నారా, తిన్నాం, ఎండగా ఉందా, ఉంది. ఈ ఇద్దరికీ పాడాలని బుద్ధి పుట్టింది. మామయ్యే మొదలుపెట్టాడు, గుడారం నిండా చుట్టాలు, అటు తాలాస్‌లో మా ఇంటి నిండా ఊరివాళ్ళు.

"తాలాస్ రాజ్మా తిన్న నోరు తాపీగా పలుకునోయ్,
మా గుర్రం ఒక్క దౌడు తీస్తే నీ మాట వెనకబడునోయ్!"

తీగ మోగింది, మోత చల్లారింది, ఫోన్లో నాన్న నోరు తెరవలేదు. గుడారంలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు వచ్చింది జవాబు, మంచి జవాబే.

"గుర్రం పరుగు గుర్రానిదోయ్, నీ గొప్పేముందోయ్ అందులో,
దిగి నడువు ఒక్క అడుగు, తెలుస్తుంది మందిలో!"

ఎంత మంచి జవాబైతే ఏం, ఆగి వచ్చింది. ఇటు మాకు అలా వినిపిస్తే అటు వాళ్ళకి కూడా మామయ్య ప్రతిసారీ తడబడి ఆగినట్టే కనిపించింది. మూడో పాటకి ఇద్దరూ ఆ ఖాళీ భరించలేక తొందరపడ్డారు, ఒకరి పాటలో ఒకరు దూరారు, అది మరీ అప్రతిష్ట. వియ్యంకుడు నోరు పెగలక ఓడాడని ఇక్కడివాళ్ళు కేకలు వేసి మామయ్యకి గెలిచినవాడికిచ్చే జరీ అంగీ, చపాన్, తొడిగారు. సరిగ్గా అదే సమయానికి అక్కడివాళ్ళు నాన్నకి చపాన్ తొడిగారు. ఫోన్లో ఇద్దరూ కొత్త అంగీలు తొడుక్కుని ఎదురెదురుగా నిలబడ్డారు, ఒకరినొకరు చూసుకున్నారు. "ఓడినవాడికి అంగీ ఏంటి?" అన్నాడు నాన్న. ఆ మాట కూడా ఆలస్యంగానే వచ్చింది, ఈలోపే మామయ్య అదే మాట అనేశాడు.

ఎంత చెప్పాను ఇద్దరికీ. తప్పు మీది కాదు మామయ్యా, పాట ఆకాశంలోకి వెళ్ళి తిరిగొస్తోంది, అందుకే ఆలస్యం అన్నాను. ఆయన కోపం కాసేపు పక్కన పెట్టి, "ఎంత పైకి?" అన్నాడు. గద్దలకన్నా పైకి, విమానాలకన్నా పైకి అన్నాను. మీసం దువ్వుకున్నాడు. "నా పాట అంత పైకి వెళ్ళిందా!" సాయంత్రానికల్లా ఒడ్డున ఉన్న గుడారాలన్నిటికీ ఆ సంగతి చెప్పొచ్చాడు. రాజీ మాట మాత్రం ఎత్తలేదు. నాన్న ఇంకో రకం, "ఆకాశం మీదికి నెట్టకు తల్లీ, మీ మామకి ప్రాస దొరకలేదు, అంతే" అని తేల్చేశాడు. అప్పటి నుంచి ఉప్పూ నిప్పూ. మేరిమ్ తాతయ్యా అని ఫోనులో పిలిస్తే ఒక తాత వస్తాడు, పక్కన ఇంకో తాత ఉన్నాడని తెలియగానే నీళ్ళ వంతు గుర్తొస్తుంది. పోయిన శీతాకాలంలో ఎర్మెక్ అన్నాడు, నువ్వు దేశమంతా తిరిగి ఊళ్ళవాళ్ళ ఫోన్లు బాగుచేస్తావు, మనింట్లో లైను సంగతి చూడవేం అని. ఎగతాళికే అన్నాడు కాని నాకు గుచ్చుకుంది. అందుకే కంపెనీ ఈ కొండకి ఉపగ్రహం తీసేసి కొత్త లైను వేస్తోందని తెలిసిన రోజే, ఈ సైటు పరీక్ష నాదే అని పట్టుబట్టి తీసుకున్నాను. ఇప్పుడు మాట ఆకాశంలోకి వెళ్ళదు, ఈ కొండ మీది డిష్షు నుంచి ఎదురు కొండ మీది డిష్షుకి, అక్కడి నుంచి ఇంకో కొండకి, గొర్రెల కాపర్లు గట్టు మీంచి గట్టు మీదికి కేకేసుకున్నట్టు వెళ్ళిపోతుంది. నాన్న నిన్న రాత్రి ఫోను చేసి ఒప్పుకున్నాడు, ఒప్పుకున్నట్టు కాకుండా ఒప్పుకున్నాడు. "లైను బాగుంటేనే తల్లీ. ఇంకోసారి నలుగురిలో నవ్వులపాలు చేశావంటే ఊరుకోను. సరే, మీ మామ ఏమంటున్నాడు?" ఏమీ అనట్లేదు నాన్నా అన్నాను. "అదే అడుగుతున్నా, ఏమీ అనకపోవడం ఎలా ఉంది, కోపంగానా మామూలుగానా?"

నలభై ఒకటి, నలభై, యాభై ఎనిమిది. యాభై ఎనిమిదా, పోనీలే, ఒక్కోసారి పొరపాటుగా పడుతుంది. తొంభై. ఏంటిది. నూట ముప్ఫై. గాలి లేచి డిష్షు కదిలిందా, తల బయటపెట్టి చూశాను, గాలి లేదు, గడ్డి కూడా తల ఊపడం లేదు. మూడు వందల పది. "కుబాన్ అన్నా, టవరు దగ్గర ఎవరైనా ఉన్నారా?" అని అరిచాను. ముందు సీట్లో కునుకు తీస్తున్న ఆయన లేచి, అటూ ఇటూ చూసి, "టవరు దగ్గర ఎవరూ లేరు చెల్లెమ్మా. టవరు కింద చూడు" అన్నాడు. చూశాను. ఒడ్డు వెంబడి ఉన్న గుడారాలన్నీ ఖాళీ అయి గుర్రాలెక్కి మా గుమ్మం ముందుకొచ్చాయి. పాట వినడానికి మధ్యాహ్నం దాకా ఆగలేక ఇప్పుడే వచ్చేశారు, ఆడా మగా, ముసలీ ముతకా, ఒక్కరూ గుర్రం దిగలేదు, ఒక్కరూ ఊరికే లేరు, జీను మీద కూర్చునే అందరి చేతిలో ఫోను. ఏళ్ళ తరబడి ఈ కొండల్లో సిగ్నల్ కోసం గుర్రం మీద నిలబడి ఫోను పైకెత్తినవాళ్ళు. ఇవాళ అది చేతికందేసరికి ఎక్కడెక్కడి బంధువులకో సరస్సు చూపిస్తున్నారు, గొర్రెల్ని చూపిస్తున్నారు, ఒకాయన తన గుర్రం పళ్ళు కూడా చూపిస్తున్నాడు. నాలుగు వందల ఇరవై. వాళ్ళ ఆనందం చూస్తే ముచ్చటేస్తోంది, అంకె చూస్తే వాళ్ళందరినీ సరస్సులోకి తోసేయాలనిపిస్తోంది. కాని కోడల్ని, పెద్దల ముందు గొంతు ఎత్తకూడదు, ఇంత చదువు చదివి ఇన్ని ఫోన్లు పెట్టుకుని నోరు మూసుకుని కూర్చోవాల్సిన చోట కూర్చున్నాను. నాకు చచ్చేంత కోపం వచ్చింది.

అత్తయ్య కుమిస్ గిన్నె పట్టుకుని గట్టెక్కి వస్తోంది. నా మొహం చూడగానే ఆగింది. "ఏమైందే? ఊపిరాడట్లేదా దానికి?" అందరూ ఒక్కసారే ఫోన్లు వాడుతున్నారత్తయ్యా, దారి ఇరుకైపోయింది అన్నాను. "అంతేనా! నువ్వు తాగు" అని గిన్నె నా చేతిలో పెట్టి తలగుడ్డ కొసతో చెయ్యి తుడుచుకుంటూ గట్టు దిగింది. పుల్లటి గుర్రప్పాలు గుటకేస్తూ పైనుంచి చూశాను, గుడారంలోంచి పాలు పితికే పెద్ద బకెట్ తీసుకుని గుర్రాల మధ్యలోకి నడిచింది. ఆవిడ గొంతు నాకు ఇక్కడికి స్పష్టంగా వినిపించింది, దానికి ఏ టవరూ అక్కర్లేదు.

"కట్టేసి ఇందులో వేయండి ఫోన్లు, అందరూ! పాట వినడానికొచ్చారా, పటాలు పంపడానికొచ్చారా?"

"వదినా, మా అమ్మాయికి చూపిస్తున్నా, ఓష్‌లో ఉంది పాపం" అన్నాడు గుర్రం పళ్ళాయన.

"నీ మొహం నీ కూతురికి తెలీదా, కొత్తగా చూపించడానికి? వెయ్యి ఇందులో."

"పాల బకెట్టు కదా, తడిగా ఉంటే?"

"పొద్దున కడిగాను. నీ చేతులకన్నా శుభ్రంగా ఉంది."

బకెట్ నిండింది. నాలుగు వందలు, రెండు వందల అరవై, నూట పది. అందరివీ పడ్డాయి, మామయ్యది తప్ప. అత్తయ్యకి అనుమానమొచ్చి గుడారం వెనక్కి వెళ్ళింది, మామయ్య కోముజ్ కింద ఏదో దాస్తూ దొరికిపోయాడు. "టైము చూసుకుంటున్నానంతే!" అన్నాడు. ఆవిడ వినలేదు, లాక్కుంది, తెర వైపు చూసింది, బకెట్‌తో పాటు గట్టెక్కి వచ్చి ఆ ఫోను నా ఒళ్ళో పెట్టింది. తెర మీద మా నాన్న మొహం ఉంది, చిన్న గుండ్రంలో. కింద, కాసేపటి క్రితం చూశారు అని ఉంది. "ఏడాది నుంచీ ఇదే పని" అంది అత్తయ్య. "ఆయన చూశాడా, ఉన్నాడా, నిద్రపోయాడా అని. మాట్లాడవయ్యా అంటే మీసం దువ్వుకుంటాడు." నేను తల వంచుకుని అంకెలు చూశాను, కనిపించలేదు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. నలభై నాలుగు, నలభై ఒకటి. అక్కడ మా నాన్న కూడా ఇదే పని చేస్తుండి ఉంటాడు, పార భుజాన వేసుకుని, నాకు తెలీదూ ఆయన సంగతి. ఇద్దరు ముసలివాళ్ళు ఏడాదిపాటు ఒకరి ఊపిరి ఒకరు కొలుచుకుంటూ కూర్చున్నారు, నా పరికరాలేవీ లేకుండానే. నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయాను, కుబాన్ అన్న వెనక్కి తిరిగి చూశాడు. రిపోర్టులో మధ్యలోని ఆ ఎగుడుదిగుడు తుడిచేయకుండా అలాగే ఉంచాను, పాట అంటే ఎన్ని గుర్రాలు దిగుతాయో కంపెనీకీ తెలియాలి. గంట ముగిసింది. మొత్తం మీద సగటు హద్దులోనే ఉంది, తెర మీద పచ్చ గుర్తు పడింది, పాస్.

లాప్‌టాప్ తీసుకునే గట్టు దిగాను, పింగ్ నడుస్తూనే ఉంది, దాన్ని ఆపబుద్ధి కాలేదు. గుడారం తలుపు ఎత్తి కట్టి అందరూ లోపలా బయటా సర్దుకున్నారు. ఎర్మెక్ మేరిమ్‌ని భుజాల మీద కూర్చోబెట్టుకుని నా పక్కన చేరాడు. ఫోను నిలబెట్టి నాన్నకి కలిపాను, ఒక్క మోతకే ఎత్తాడు, చేతిలోనే ఉన్నట్టుంది. ఆ వైపు మా ఇంటి వరండా నిండా మనుషులు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని బిగుసుకుపోయారు, పలకరింపు లేదు, కుశల ప్రశ్న లేదు. నాన్నే తీగ మీటాడు.

"ఏడాదిపాటు నోరు మూసి ఏం మేశావోయ్ వియ్యంకుడా,
గొర్రెలు మేసే గడ్డేనా, నెమరేశావా అది కూడా!"

గుడారమంతా గొల్లుమంది, తాలాస్ గొల్లుమంది, రెండు నవ్వులూ ఒకేసారి, ఒకే గదిలో నవ్వినట్టు. నాన్న తీగ మోత ఇంకా గాలిలో ఉండగానే, దాని మీదే అడుగు పెట్టి మామయ్య అందుకున్నాడు. ఒక పిసరు ఆగలేదు. ఏం చురక వేస్తాడో, గుర్రం మీదా రాజ్మా మీదా, అని అందరూ ముందుకు వంగారు. ఆయన గొంతు తగ్గించి పాడాడు.

"నోరు మూసుకున్నా గాని కళ్ళు మూసుకోలేదు నేను,
కొండకీ కొండకీ మాట కలిపే కోడలిని చూశాను నేను.
గెలుపెవరిదని అడగకింక, ఆ లెక్క తేలింది ఏనాడో,
ఈ బిడ్డని నా గుమ్మానికిచ్చి గెలిచావు నువ్వు ఆనాడే."

తీగ మోగింది. మోత సన్నబడింది, చల్లారింది. తాలాస్ నుంచి ఏమీ రాలేదు. ఫోన్లో నాన్న కోముజ్ మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉన్నాడు, బొమ్మలా, నోరు కాస్త తెరుచుకుని. లాప్‌టాప్ వైపు చూశాను. నలభై. నలభై ఒకటి. నలభై. మామయ్య మొహంలో పోయిన వేసవి భయం కనిపించింది, కోముజ్ పక్కన పెట్టేసి నా వైపు తిరిగాడు.

"కోడలా, లైను పోయిందా?"

"లేదు మామయ్యా," అన్నాను. "లైను బాగుంది."

తాలాస్‌లో మా నాన్న ముక్కు చీదాడు. ఆ చప్పుడు ఒక్క క్షణం కూడా ఆలస్యం లేకుండా మా గుడారంలో వినిపించింది.